ఒక పింఛనుదారు నెలకొల్పిన మతం

మంత్రగత్తె అన్న మాట వినగానే మన కళ్ళ ముందు నిలిచే బొమ్మ ఒకటే. విరబోసుకున్న జుట్టు, నిమ్మకాయలు, పసుపు కుంకుమలతో వేసిన ముగ్గు, అర్ధరాత్రి శ్మశానం. చిన్నతనంలో అమ్మమ్మలు చెప్పిన కథలతో మొదలైన ఆ బొమ్మను 1980ల తొలి రోజుల్లో మనమందరం ఆత్రంగా చదివిన యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' వంటి నవలలు, ఆ తర్వాత వచ్చిన సినిమాలు మరింత గట్టిపరిచాయి. అలాంటిది, చదువుకుని ఉద్యోగాలు చేసుకుంటున్న ఆడవాళ్ళూ మగవాళ్ళూ 'మాది మంత్రగత్తెల మతం' అని ధైర్యంగా చెప్పుకుంటున్నారంటే మనకు ఆశ్చర్యమే. ఆ మతం పేరు విక్కా. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్స్ ప్రాంతాలలో సుమారు 13 వేల మంది తమ మతం విక్కా అని రాయించుకున్నారు. ప్రకృతిని కొలిచే పాత మతాలవారమని 'పేగన్' అన్న పేరు రాయించుకున్నవారు మరో 74 వేల మంది.

విశ్రాంత ఉద్యోగుల సంచికలో దీనికి చోటెందుకని మిత్రులు అడగవచ్చు. కారణాలు రెండు. ఈ మతాన్ని నెలకొల్పినాయన మనలాగే పదవీ విరమణ చేసిన ప్రభుత్వోద్యోగి. ఇది మొదటి కారణం. ఇక రెండవది, అక్కడివారు ఇష్టపడి పెట్టుకున్న ఈ పేరే మన దేశపు పల్లెల్లో నిస్సహాయులైన ఆడవాళ్ళ మీద రాయిలా వచ్చి పడుతోంది. ఈ రెంటినీ కలిపి చూడడం అవసరమని తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కస్టమ్స్ ఉద్యోగి గార్డనర్

జెరాల్డ్ గార్డనర్ 1884లో ఇంగ్లండులో లివర్‌పూల్ దగ్గర కలిగిన కుటుంబంలో పుట్టాడు. పసితనం నుంచి ఉబ్బసం. చలి పడక దాది వెంట వెచ్చని దేశాలు తిరిగాడు. బడికి వెళ్ళి చదువుకున్నది లేదు, పుస్తకాలు పట్టుకుని తనంతట తానే చదవడం నేర్చాడు. 1900లో సింహళంలోని తేయాకు తోటకు, 1908లో బోర్నియోకు, 1911లో మలయాకు చేరాడు. మన కోస్తా జిల్లాల తెలుగువాళ్ళు కూలికి వెళ్ళిన మలయా రబ్బరు తోటలే ఆయనకూ బతుకుతెరువయ్యాయి. 1923లో ప్రభుత్వ ఉద్యోగం దొరికింది. మొదట రబ్బరు తోటల తనిఖీ, ఆ తర్వాత కస్టమ్స్ శాఖ, నల్లమందు అమ్మకాల మీద నిఘా. తీరిక వేళల్లో అక్కడి జనం మొక్కులు, మంత్రాలు, ఆయుధాలు పరిశీలించేవాడు. 'క్రిస్' అనే మలయా బాకు మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

1936లో పదవీ విరమణ చేసి స్వదేశం చేరాడు. 1938 నుంచి దక్షిణ ఇంగ్లండులో న్యూ ఫారెస్ట్ అనే అడవి ప్రాంతానికి దగ్గరలో కాపురం. 1939లో అక్కడ రహస్యంగా పూజలు చేసుకునే ఒక బృందం తనకు దీక్ష ఇచ్చిందని, అది క్రైస్తవం రాకముందు నాటి పాత మతమని, తరతరాలుగా గుట్టుగా నిలిచి వచ్చిందని ఆ తర్వాత ఆయన చెప్పాడు. ఆ దీక్ష డొరతీ క్లటర్‌బక్ అనే సంపన్నురాలి ఇంట్లో జరిగిందన్నాడు. ఆవిడ పుట్టింది మన దేశంలోనే. తండ్రి ఇక్కడి బ్రిటిష్ సైన్యంలో అధికారి.

1949లో గార్డనర్ ఈ పూజావిధానాలను ఒక నవలలో చొప్పించి ప్రచురించాడు. నవలే ఎందుకంటే అప్పటికి చట్టం అడ్డంగా ఉంది.

చట్టం కథ

యూరప్ ఖండంలో రమారమి 1450 నుంచి 1750 వరకు, మూడు వందల ఏళ్ళ పాటు, మంత్రగత్తెలన్న నెపంతో మనుషులను వేటాడారు. ఆ కాలంలో 40 వేల నుంచి 60 వేల మంది దాకా మరణశిక్షకు గురయ్యారని చరిత్రకారుల అంచనా. వారిలో నాలుగింట మూడు వంతుల మంది ఆడవాళ్ళు. కొన్ని పుస్తకాల్లో కనిపించే 90 లక్షల లెక్కకు ఆధారం లేదు. ఇంగ్లండులో ఈ నేరానికి ఉరి తీసేవారు. స్కాట్లండులో గొంతు బిగించి, తర్వాత దహనం చేసేవారు.

1735లో బ్రిటిష్ పార్లమెంటు కొత్త చట్టం చేసింది. అసలు మంత్రశక్తి అనేదే లేదు గనుక మంత్రగత్తె అన్న నేరమూ లేదు, అలాంటి శక్తులున్నాయని నమ్మించి మోసం చేస్తే మాత్రం ఏడాది జైలు అన్నది దాని సారాంశం. ఆ చట్టం కింద 1944లో కూడా, చచ్చినవారితో మాట్లాడిస్తానన్న హెలెన్ డంకన్ అనే ఆవిడను తొమ్మిది నెలలు జైల్లో పెట్టారు. చివరికి 1951లో దాన్ని రద్దు చేసి, మోసం చేసి డబ్బు గుంజేవారికి పరిమితమైన చట్టం తెచ్చారు. అదీ 2008లో పోయింది.

1951లో అడ్డు తొలగగానే గార్డనర్ బాహాటంగా పత్రికలవారితో మాట్లాడసాగాడు. 1954లో 'విచ్‌క్రాఫ్ట్ టుడే' అనే గ్రంథం వెలువరించాడు. అప్పటికి ఆయనకు 70 ఏళ్ళు. 1953లో దీక్ష తీసుకున్న డొరీన్ వాలియంటె అనే ఆవిడ ఆయన దగ్గరున్న పూజా గ్రంథాన్ని సరిదిద్ది, ఇతరుల రచనల నుంచి తెచ్చి అతికించిన భాగాలను చాలావరకు తీసివేసి, కొత్తగా స్తుతులు రాసి పెట్టింది. పత్రికల్లో ప్రచారం మీద గార్డనర్‌కున్న మోజు నచ్చక 1957లో ఆమె వేరుపడింది. 1964లో ఓడ ప్రయాణంలో గార్డనర్ కన్నుమూస్తే ట్యునీషియా తీరంలో ఖననం చేశారు. ఆ నాటికే ఆయన శిష్యుల ద్వారా విక్కా అమెరికా చేరింది. అక్కడ 1986లో ఒక అప్పీలు కోర్టు ఇది రాజ్యాంగ రక్షణ పొందదగిన మతమేనని తీర్పు చెప్పింది. 2007 నుంచి చనిపోయిన సైనికుల సమాధి రాళ్ళ మీద వారి అయిదు కోణాల నక్షత్రాన్ని చెక్కడానికీ అమెరికా ప్రభుత్వం అంగీకరించింది.

పాతదా, కొత్తదా?

గార్డనర్ వాదానికి బలమిచ్చిన పండితురాలు మార్గరెట్ మరే. ఈమె 1863లో మన కలకత్తాలో పుట్టింది. ఈజిప్టు పురాతత్వంలో దిట్ట. యూరప్‌లో హింసకు గురైన మంత్రగత్తెలు నిజానికి ఒక పురాతన మతం వారని 1921లో ఒక గ్రంథం రాసింది. గార్డనర్ 1954 పుస్తకానికి తొలి పలుకులు రాసినదీ ఆమే. కాని తర్వాతి చరిత్రకారులు విచారణ రికార్డులను మొత్తంగా చదివి ఆ సిద్ధాంతాన్ని తోసిపుచ్చారు. హింసకు బలైనవారు ఏదో రహస్య మతం వారు కారు, ఇరుగుపొరుగు అనుమానాలకు, పగలకు చిక్కిన మామూలు మనుషులు. రోనాల్డ్ హటన్ అనే ఆచార్యుడు 1999లో రాసిన గ్రంథంలో విక్కా 20వ శతాబ్దంలో రూపుదిద్దుకున్న మతమేనని సాక్ష్యాలతో చూపాడు. ఇప్పుడు విక్కా వారిలోనే చాలామంది ఈ మాట ఒప్పుకుంటారు. వయసు తక్కువైనంత మాత్రాన మతానికి విలువ తగ్గదని వారి వాదం. ఆ మాటలో న్యాయముంది.

నమ్మకాలు

విక్కాకు ఒక ప్రవక్త, ఒక పవిత్ర గ్రంథం, ఒక పీఠం లేవు. కనుక బృందానికి బృందానికీ తేడాలుంటాయి. అందరిలో కనిపించే ముఖ్యాంశాలు ఇవి.

దేవత ఒకరు, దేవుడు ఒకరు. దేవతకు చంద్రునితో సంబంధం. చంద్రకళల లాగే ఆమెకు కన్య, తల్లి, వృద్ధురాలు అని మూడు రూపాలు. దేవుడు కొమ్ములు ధరించిన అడవుల దొర. ఆ కొమ్ములు చూసి సైతాను అనుకోరాదు. సైతాను క్రైస్తవుల నమ్మకం, విక్కాలో అతనికి చోటు లేదు.

ఎవరికీ హాని చేయకుండా ఎవరి ఇష్టప్రకారం వారు నడుచుకోవచ్చన్నది వారి మూల నీతి. చేసిన మంచి గాని చెడు గాని మూడింతలై తిరిగి వస్తుందని చాలామంది నమ్ముతారు. 'చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా' అన్న సామెత తెలిసిన మనకు ఇదేమీ వింత కాదు. పునర్జన్మను కూడా ఎక్కువమంది ఒప్పుకుంటారు.

మంత్రం అంటే వారి ఉద్దేశంలో మనస్సును ఒక సంకల్పం మీద నిలపడం. కొవ్వొత్తి వెలిగించి, మూలికలు దగ్గర పెట్టుకుని, రోగం నయం కావాలనో, పని దొరకాలనో కోరుకుంటారు. దాని వల్ల ఫలితం ఉంటుందని విజ్ఞాన శాస్త్రం నిరూపించినది లేదు. అది వారి నమ్మకం, మన మొక్కుబడి లాంటిది.

పూజావిధానం

గార్డనర్ సంప్రదాయంలో పూజ చేసే బృందంలో సాధారణంగా 13 మందికి మించరు. దీక్ష మూడు అంచెలు. ఆడవారికి మగవారు, మగవారికి ఆడవారు దీక్ష ఇస్తారు. ప్రధాన పూజారిణి మాటదే పైచేయి. పూజా విధులున్న పుస్తకాన్ని దీక్ష పొందినవారు సొంత దస్తూరితో నకలు రాసుకోవాలి. నకళ్ళు రాసి రాసి వేళ్ళు అరగదీసుకున్న మన బోటి గుమాస్తాలకు ఈ నిబంధన మహా తేలిక!

ముందుగా నేల మీద ఒక వలయం గీస్తారు. నాలుగు దిక్కులకు నమస్కరించి భూమి, గాలి, నిప్పు, నీరులను ఆహ్వానిస్తారు. అయిదు కోణాల నక్షత్రంలో అయిదవ కోణం ఆత్మకు గుర్తు. నల్లపిడి కత్తి, దండం, పానపాత్ర, నక్షత్రం చెక్కిన పళ్ళెం పూజా సామగ్రి. కత్తితో ఏదీ కోయరు, వలయం గీయడానికి మాత్రమే. జంతుబలి లేదు. చివరలో రొట్టె, ద్రాక్షసారాయం పంచుకుంటారు. గార్డనర్ బృందాలు దిగంబరంగా పూజ చేసేవి. దానికి వారు వాడే మాటకు 'ఆకాశమే వస్త్రం' అని అర్థం, మన 'దిగంబర' శబ్దానికీ అదే అర్థం. చాలా బృందాలవారు ఇప్పుడు అంగీలు వేసుకునే చేస్తారు. బృందంతో పని లేకుండా ఒంటరిగా పూజ చేసుకునేవారూ ఎక్కువే.

పండుగల చక్రం

నెలనెలా పున్నమికి కూడుకోవడం కాక, ఏడాదికి ఎనిమిది పండుగలు. అక్టోబరు 31న సావిన్, డిసెంబరు 21 ప్రాంతంలో యూల్, ఫిబ్రవరి మొదట ఇంబోల్క్, మార్చి 21 ప్రాంతంలో ఒస్తారా, మే 1న బెల్టేన్, జూన్ 21 ప్రాంతంలో లిథా, ఆగస్టు 1న లూనసా, సెప్టెంబరు 22 ప్రాంతంలో మేబన్. వీటిలో నాలుగు సూర్యుని గతికి, నాలుగు పాడిపంటలకు సంబంధించినవి. సావిన్ నాడు గతించిన పెద్దలను తలుచుకుంటారు. బెల్టేన్‌కు మంటలు వేస్తారు. లూనసా తొలి కోత పండుగ.

ఈ వరస చదువుతుంటే మన కోనసీమవాసులకు సంక్రాంతి గుర్తుకు రాక మానదు. భోగినాడు మంట, పండుగనాడు పెద్దలకు బట్టలు పెట్టుకోవడం, కొత్త బియ్యం పొంగలి, ఉత్తరాయణం. మనకు అన్నీ మూడు రోజుల్లో సర్దుకుంటాయి, వారికి ఏడాది పొడవునా పంచి ఉంటాయి. సూర్యుడు నిజంగా ఉత్తరానికి తిరిగేది వారి యూల్ నాడు, అంటే డిసెంబరు 21, 22 తేదీలలో. మన పండుగ నక్షత్ర గణన ప్రకారం జనవరి 14, 15 తేదీలకు జరిగింది. సుమారు 1700 ఏళ్ళ క్రితం ఆ రెండూ ఒక్కచోటే ఉండేవి. ఈ పోలికలు చూసి వారు మన నుంచి తీసుకున్నారని గాని, మనం వారి నుంచి తీసుకున్నామని గాని అనుకోనక్కర లేదు. పొలం మీద బతికే మనిషి ఎక్కడున్నా ఎండనూ వాననూ చూసే పండుగ చేసుకుంటాడు.

మన అమ్మవార్లు

దేవతను ముందుంచి కొలవడం మనకు కొత్త కాదు. పెద్దాపురం మరిడమ్మ, కాండ్రకోట నూకాలమ్మ, తుని దగ్గర లోవ తలుపులమ్మ, భీమవరం మావుళ్ళమ్మ, మనకు ఆమడలోపున వానపల్లి పల్లాలమ్మ. గోదావరికి ఇరువైపులా అమ్మవారు లేని ఊరు లేదు. తీర్థం వచ్చిందంటే డప్పుల మోత, గరగలు నెత్తికెత్తుకుని ఆడేవారు, వేపమండలు, చలిమిడి, పానకం. వీధిలో ఎవరికైనా పొక్కులు పోస్తే 'అమ్మవారు పోసింది' అనేవారు. పక్కనున్న ర్యాలిలోనైతే ఒకే శిలలో ముందు కేశవస్వామి, వెనుక జగన్మోహిని. స్త్రీ పురుష రూపాలు రెండూ దైవమేనన్న భావం అంతకన్నా స్పష్టంగా ఎక్కడ కనిపిస్తుంది?

తేడాలూ ఉన్నాయి. అమ్మవారు ఊరందరికీ చెందుతుంది. కుమ్మరి కుండ ఇవ్వాలి, చాకలి దివిటీ పట్టాలి. ఒక్కో కులానికి ఒక్కో బాధ్యత. ఎవరూ దీక్ష తీసుకుని చేరరు, ఊళ్ళో పుట్టడమే చాలు. విక్కా అలా కాదు. ఎవరికి వారు ఎంచుకుని చేరేది, చాలా చోట్ల గుట్టుగా చేసేది. మన జాతరల్లో బలులుండేవి, 1950 నాటి నిషేధ చట్టం వచ్చాక కూడా పూర్తిగా పోలేదు. వారి పూజలో బలి మొదటి నుంచీ లేదు.

ఇక్కడొక విచిత్రం చెప్పాలి. మద్రాసు బిషప్‌గా పనిచేసిన హెన్రీ వైట్‌హెడ్ తెలుగు జిల్లాలు కూడా తిరిగి దక్షిణ దేశపు గ్రామదేవతల మీద 1916లో ఒక గ్రంథం రాశాడు. ఎంతో సమాచారం భద్రపరచిన గ్రంథమది. కాని ఆ పూజలు పోవలసినవే అని ఆయన అభిప్రాయం. సరిగ్గా అయిదేళ్ళకు, 1921లో, ఆయన దేశంలోనే మార్గరెట్ మరే తన పుస్తకం వెలువరించి, ఇంగ్లండు పల్లెల్లోనూ క్రైస్తవానికి ముందు నాటి పూజలు గుట్టుగా సాగేవని వాదించింది. ఆ తర్వాత గార్డనర్ లేని పాత మతాన్ని ఉన్నదనుకుని కొత్తగా కట్టుకున్నాడు. ఒకరు మన ఊళ్ళలో పోవాలనుకున్న దానిని, తోటి దేశస్థులు తమ ఊళ్ళలో దీపం పెట్టి వెదికారు.

ఒకే పేరు, రెండు బతుకులు

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంగ్లండులో ఈ వేట ఆగిపోయి రెండు వందల ఏళ్ళు గడిచాక, భయం పోయాక, గార్డనర్ ఆ పేరును తల మీద పెట్టుకున్నాడు. మన దేశంలోనూ కలకత్తాకు చెందిన ఇప్సితా రాయ్ చక్రవర్తి 1980లలోనే తాను విక్కా అనుయాయినని బహిరంగంగా చెప్పుకున్నారు. చదువు, హోదా ఉన్న కుటుంబం కనుక ఆ మాట ఆమెకు చెల్లింది. అదే మాట ఒక పేద వితంతువు మీద పడితే ఏమవుతుంది? తెలంగాణలో బాణామతి, మన వైపు చేతబడి, ఏజెన్సీలో చిల్లంగి. పేరేదైనా కొట్టడం, పళ్ళు ఊడగొట్టడం, ఊరి నుంచి వెళ్ళగొట్టడం, ఒక్కోసారి చంపడం. దేశంలో 2000 నుంచి 2016 వరకు ఈ కారణంగా జరిగిన హత్యలు 2500కు పైనేనని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి.

నేను తాలూకా కచేరీలో గుమాస్తాగా ఉన్న తొలి రోజుల్లో ఒక మెట్ట పల్లె నుంచి అర్జీ వచ్చింది. కింద ఇరవై దాకా వేలిముద్రలు. ఊళ్ళో పిల్లలకు వరసగా జబ్బు చేస్తోందని, ఒంటరిగా ఉంటున్న ఒక ముసలమ్మ చిల్లంగి పెడుతోందని, ఆమెను ఊరి నుంచి పంపించివేయమని ప్రార్థన. మా హెడ్ గుమాస్తా గారు అది చదివి, "రెండు నకళ్ళు తియ్యవోయ్" అన్నారు. ఒకటి పోలీసు స్టేషనుకు, ఆ ముసలమ్మకు ఎవరూ హాని తలపెట్టకుండా చూడమని. రెండవది ఆరోగ్య కేంద్రానికి, ఆ ఊరి నుయ్యి నీరు పరీక్షించమని. కొన్నాళ్ళకు తేలింది నీరు చెడిందనే. నూతిలో మందు వేశారు, పిల్లలు తేరుకున్నారు, ముసలమ్మ ఊళ్ళోనే ఉంది. అర్జీలో అడిగింది ఒకటి, కచేరీ చేసింది ఇంకొకటి. మా ఉద్యోగ జీవితంలో చేసిన మంచి పనుల లెక్క తీస్తే ఆ రెండు నకళ్ళు అందులో ఉంటాయి.

ఇప్పుడు చట్టాల బలం పెరిగింది. బీహారు 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో ప్రత్యేక చట్టాలు చేశాయి. షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచార నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, ఆ వర్గాల వారిని మంత్రగత్తె అన్న నెపంతో కొట్టినా, మానసికంగా హింసించినా నేరమే. ఇది మన రాష్ట్రానికీ వర్తిస్తుంది. మిగతా వారి విషయంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత ఉంది. ఇలాంటి వేధింపులు తాము అనుభవించి, తర్వాత తోటి ఆడవాళ్ళ కోసం పోరాడిన జార్ఖండ్‌లోని ఛుట్నీ దేవికి, అదే పోరాటం చేసిన అస్సాం బీరుబాలా రాభాకు 2021లో పద్మశ్రీ బిరుదులు వచ్చాయి. మన వైపు విజయవాడ నాస్తిక కేంద్రం, జన విజ్ఞాన వేదిక వారు ఊరూరా తిరిగి నిప్పుల మీద నడిచి చూపించి, ఇందులో మహత్తేమీ లేదని చెబుతూ వచ్చారు.

కాబట్టి విక్కాను ఎవరైనా 'చేతబడి మతం' అని తర్జుమా చేస్తే ఒప్పుకోవద్దు. అది వారికీ అన్యాయం, మన పల్లెల్లోని ఆడవాళ్ళకూ అన్యాయం. 'చూశారా, ఇంగ్లండులోనే మంత్రగత్తెలున్నారట, మన ఊళ్ళో ఉండరా' అనే మాట అక్కడి నుంచే పుడుతుంది. విక్కా ఒక పూజావిధానం. చిల్లంగి ఒక నింద. మొదటిదాన్ని మనిషి తనకు తాను పెట్టుకుంటాడు, రెండవదాన్ని ఎదుటివాడు అంటగడతాడు.

మన సంఘ సభ్యులలో చాలామందికి ఊళ్ళో మాట చెల్లుబడి ఉంది. పింఛను మేస్టారు, పింఛను గుమాస్తా గారు అంటే నలుగురూ ఆగి వింటారు. ఎక్కడైనా ఒంటరి మనిషి మీద ఇలాంటి గుసగుస వినిపిస్తే, అది అరుగు మీది మాటగా ఉన్నప్పుడే అడ్డుపడండి. జబ్బు పడినవారిని డాక్టరు దగ్గరకు, గొడవ ముదిరితే కబురు పోలీసులకు పంపండి. ఆపై ఒకసారి ఆ నింద పడిన మనిషి ఇంటికి వెళ్ళి, నలుగురూ చూసేలా ఆమె ఇచ్చిన మంచినీళ్ళు తాగి రండి.